రాజవ్వకు కమ్మలు

మేడమ్ పోయారన్న కబురు మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. ఒకరి తర్వాత ఒకరం చేతులు జోడించిన గుర్తులు పెట్టాం. ఎవరో ఆవిడ ఫోటో కోసం వెతికి, సరైనది దొరకలేదేమో, మేమంతా కలిసి చేసిన ఫోన్ గేములోని రాజవ్వ బొమ్మ పెట్టారు. యాభై దాటిన నిండైన మనిషి, నల్లని ఒళ్లు, నడుముకు దోపిన కొంగు, చేతిలో పొడవాటి కర్ర. మేం మానేశాక ఆ కంపెనీలో చేరిన ఒకమ్మాయి దాని కింద రాసింది: "మేడమ్ అంటే ఈవిడేనా? ఎంత కళగా ఉన్నారండీ."

చావు కబురు కింద నవ్వకూడదని తెలిసీ నవ్వాను. బతికుండగా ఈ ప్రశ్న ఆవిడను చాలామంది అడిగారు. అడిగిన ప్రతిసారీ కళ్లజోడు పైకి తోసుకుని ఒకటే జవాబు చెప్పేవారు.

"ఆడది ఆడదాని బొమ్మ గీస్తే అద్దంల చూసుకొని గీసినట్టేనా? మొగోళ్లను ఎవ్వరన్న అడుగుతరా గిట్ల? కత్తి పట్టిన వీరుణ్ణి గీసినోడు కత్తి పట్టుకొని వచ్చిండా ఆఫీసుకు?"

రాజవ్వకూ ఆవిడకూ పోలికే లేదు. మేడమ్ పొట్టిగా, చువ్వలా ఉండేవారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర, దాని కింద పరుగు పందెగాళ్లు వేసుకునే బూట్లు. ముక్కుకి పెద్ద రాయి ముక్కుపుడక. చీర రంగు మారితే బొట్టు రంగు మారాల్సిందే. మధ్యాహ్నం భోజనం కాగానే మొహం కడుక్కుని, బ్యాగులోంచి డబ్బా తీసి, మళ్లీ పౌడరు అద్దుకునేవారు. ఆడపాత్రల అందం గురించి ఊరందరితో పోట్లాడే మనిషికి ఈ సోకులేమిటని మాలో కొందరికి వింతగా ఉండేది. ఒకరోజు నేనే అడిగేశాను.

"అందం అంటే పడదని ఎవరు చెప్పిన్రు నీకు? నాకు పానం. ఒక్కటే తీరు అందం అంటేనే పడదు. పప్పుచారు మంచిగుంటదని మూడు పూటలా పప్పుచారేనా?"

మా ఆఫీసు మారేడ్‌పల్లిలో ఒక మిఠాయి దుకాణం పైన ఉండేది. మెట్లెక్కుతుంటే నేతి వాసన వెంట వచ్చేది. విదేశీ కంపెనీలు చేసే వీడియో గేములకు కావాల్సిన వస్తువులన్నీ మేం కంప్యూటర్లో తయారుచేసి పంపేవాళ్లం. తలుపులు, పీపాలు, కత్తులు, అప్పుడప్పుడు మనుషులు. మనుషుల విభాగానికి మేడమ్ పెద్ద. ఆటలో కనిపించే మనిషికి మొహం ఎలా ఉండాలి, ఒళ్లు ఎలా ఉండాలి, ఏం కట్టుకోవాలి, ఎలా నడవాలి అన్నది తేల్చేది ఆవిడే.

నేను ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నేను చేసిన అయిదుగురు వీరనారుల బొమ్మలు తీసుకెళ్లాను. ఒకామె యువరాణి, ఒకామె దొంగ, ఒకామె మంత్రగత్తె, ఇలా. చాలా కష్టపడి చేశాను. మేడమ్ ఫైలు తెరిచి, ఒక్కో బొమ్మకీ జుట్టు తీసేశారు. రంగులు తీసేశారు. తెర మీద అయిదు బూడిదరంగు గుండ్లు మిగిలాయి. వాటిని అటూ ఇటూ కలిపేసి నావైపు తిరిగారు.

"ఇప్పుడు చెప్పు. యువరాణి ఎవరు, దొంగ ఎవరు?"

చాలాసేపు చూశాను. చేసినదాన్ని నేనే, నాకే తెలియలేదు.

"ఒక్క పిల్లకు అయిదు విగ్గులు పెట్టినవ్," అన్నారు. వెక్కిరింపు లేదు గొంతులో. వైద్యుడు నాడి చూసి చెప్పినట్టు చెప్పారు. ఇక ఉద్యోగం రాదనుకుని బ్యాగు సర్దుకుంటుంటే, "ఎక్కడికి పోతున్నవ్? ముక్కు మంచిగొచ్చింది. ఒక్కటే వచ్చింది గానీ మంచిగొచ్చింది. సోమవారం రా," అన్నారు.

తర్వాత తెలిసింది, ఆ పరీక్ష ఆవిడ ముందు తనకే పెట్టుకున్నారని. వయసులో ఉన్నప్పుడు ఆవిడ పిల్లల పురాణ కథల కార్టూన్లు తీసే చోట పనిచేశారట. అక్కడ ఒక దేవత మొహం చాలా బాగా కుదిరింది. నిర్మాతకి తెగ నచ్చింది. ఇక రాణి కావాలన్నా అదే మొహం, మునిపత్ని కావాలన్నా అదే మొహం.

"ఆఖరికి రాక్షసికి సుత గదే మొఖం. ఊదారంగు పూసి రెండు కోరలు పెట్టిన," అని చెప్పి నవ్వేవారు. "మా అక్క బిడ్డ టీవీల చూసి, పిన్నీ, దేవతకు జొరమొచ్చిందా అని అడిగింది. గప్పుడు షురూ అయింది నా పరేషాని."

ఆవిడ అలవాట్లు కొత్తవాళ్లను కంగారు పెట్టేవి. ఏ ఆడపాత్రనైనా గీసేముందు ఆవిడ నడిచి చూసేవారు. లిఫ్టు దగ్గర నుంచి మంచినీళ్ల ఫిల్టరు దాకా ఉన్న వసారాయే ఆవిడ రంగస్థలం. ఒకనాడు విలుకత్తెగా, ఒకనాడు కాలికి దెబ్బ తగిలిన గూఢచారిగా, ఒకనాడు గుర్రం దిగిన సేనానిగా నడిచేవారు. ఎదురుగా ఆడిటర్ గారి ఆఫీసు. పన్నుల లెక్కలు చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, భుజం మీద లేని అమ్ములపొదిని సర్దుకుంటూ వస్తున్న మేడమ్‌ని చూసి గోడకి ఒత్తుకుని దారి ఇచ్చాడు. మేడమ్ సేనాని ఠీవితోనే తలవంచి సాగిపోయారు.

ఇంకొకటి చెవులు. బస్సులో, బజారులో, పెళ్లిలో, ఎక్కడైనా ఆడవాళ్ల చెవులే చూసేవారు. "కమ్మలు అందరు చూస్తరు. చెవి ఎవ్వరు చూడరు. ఒక్కొక్కరి చెవి ఒక్కో తీరుంటది, తెలుసా?" అనేవారు. తెలియదనేదాన్ని. అప్పుడు నా చెవి గురించి నాకు చెప్పేవారు.

*

కొన్నాళ్లకి మా బాసుగారికి సొంతంగా ఒక గేము తీయాలన్న కోరిక పుట్టింది. ఆయన విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, నెమ్మదస్తుడు, కొత్తదానికి భయపడుతూనే ఒప్పుకునే రకం. డబ్బు పెట్టడానికి బెంగళూరులో ఒక ప్రచురణ సంస్థ ముందుకొచ్చింది. కథ ఇది: ఒక కోటలో మెట్లబావులున్నాయి. దొంగలు వాటిని ఆక్రమించుకోవాలని వస్తుంటారు. అయిదుగురు ఆడవాళ్లు ఆ నీళ్లకు కాపలా. ఆడేవాళ్లు ఆ అయిదుగురిలో తమకు నచ్చినామెను ఎంచుకుని ఆడాలి. మెట్లబావి ఆలోచన మేడమ్‌దే. ఆవిడ పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేట్‌లో. చిన్నప్పుడు చెత్తతో పూడిపోయి ఉన్న బావి పెద్దయ్యాక మెట్లతో సహా బయటపడటం చూసిన మనిషి.

అయిదుగురిలో ఇద్దరి సంగతే ఇక్కడ చెబుతాను. ఒకామె నీలాంబరి. విల్లు పట్టిన పడుచు, తీగలాంటి నడుము, పెద్ద కళ్లు. ఆమె గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. రెండో ఆమె రాజవ్వ. ఆమెను చూడగానే బాసుగారు కుర్చీలో కదిలారు.

"మేడమ్, ఇంత పెద్దావిడని పెట్టుకుని ఎవరాడతారండీ? పిల్లలకి చూడముచ్చటగా ఉండాలి కదా."

"మొగోళ్ల ఆటలల్ల బట్టతల సేనాపతి ఉంటడు. బానకడుపు పహిల్వాన్ ఉంటడు. గడ్డం నెరిసిన సన్నాసి ఉంటడు. అందర్ని తీసుకొని ఆడుతరు. ఆడోళ్లకు వచ్చేసరికి ఒక్క పిల్లనే వస్తదేంది సార్? ఆ పిల్లకు అమ్మ లేదా, మేనత్త లేదా?"

బాసుగారు నవ్వి సరేనన్నారు. రాజవ్వ పుట్టింది.

ఆట సగం తయారయ్యాక తిరుమలగిరి దగ్గర ఒక డిగ్రీ కాలేజీ విద్యార్థులను పిలిచి ఆడించి చూశాం. మీటింగు గదిలో ఫోన్లు పెట్టాం, కింది నుంచి సమోసాలు తెప్పించాం. మేడమ్ ఎవరి ఫోనులోకీ చూడకుండా వాళ్ల మొహాలు చూస్తూ గదిలో తిరుగుతున్నారు. అబ్బాయిలూ అమ్మాయిలూ దాదాపు అందరూ నీలాంబరినే ఎంచుకున్నారు. కిటికీ పక్కన మౌనిక అనే అమ్మాయి కూర్చుంది. లావుగా, చామనఛాయకన్నా ఒక పిసరు నలుపుగా, తలవంచుకుని చకచకా ఆడుతోంది. ఆమెదీ నీలాంబరే. గదిలో అందరికన్నా బాగా ఆడుతున్నది ఆమే.

మేడమ్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. ఎంతో ఆపేక్షగానే అడిగారు. "రాజవ్వను తీసుకోలేదేందమ్మా?"

ఆ పిల్ల ఆట ఆపింది. "ఎందుకు తీసుకోవాలె ఆంటీ? లావుగున్నదనా?"

గదిలో మాటలు తగ్గాయి. మౌనిక కోపంగా లేదు. ఫోను వంకే చూస్తూ చెప్పింది. "ఇంట్ల నేను గిట్లనే ఉంట. కాలేజీల గిట్లనే ఉంట. గీడ సుత గిట్లనేనా? జెరసేపు సన్నగ ఎగరనియ్యుర్రి."

ఆవిడను అంత చిన్నబోయిన మొహంతో నేనెప్పుడూ చూడలేదు. "తప్పయింది బిడ్డా, ఆడుకో," అని లేచి, వసారాలోకి వెళ్లి నిలబడ్డారు. నేను వెనకే వెళ్లాను. నీళ్లు పట్టి ఇచ్చాను. తాగలేదు.

"నేను ఆ పిల్ల మొఖం చూడలే. ఒళ్లు చూసి పోయి కూసున్న," అన్నారు.

ఆ వారంలోనే బెంగళూరు వాళ్ల నుంచి కబురు వచ్చింది. రాజవ్వను ఎవరూ ఎంచుకోవడం లేదు కాబట్టి తీసేసి, ఆమె బదులు ఇంకో పడుచుపిల్లను పెట్టమని. బాసుగారు మేడమ్‌ని పిలిచి, తనే తప్పు చేసినవాడిలా మెల్లగా చెప్పారు. ఆవిడ వాదించలేదు. దానికే నాకు భయం వేసింది. వచ్చి తన కుర్చీలో కూర్చుని, నీలాంబరినీ రాజవ్వనూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూడటం మొదలుపెట్టారు. భోజనానికి లేవలేదు. పౌడరు అద్దుకోలేదు.

సాయంత్రం నన్ను పిలిచారు. "గెలిచినప్పుడు ఇద్దరు ఏం చేస్తరో చూడు."

నీలాంబరి గెలిస్తే విల్లు గిర్రున తిప్పి, జడ వెనక్కి వేసి, ఎగిరి కోట గోడ మీద నిలబడుతుంది. వెన్నెల ఆమె మొహం మీద పడుతుంది. రాజవ్వ గెలిస్తే కర్ర మీద వాలి, నడుం పట్టుకుని ఆయాసపడుతుంది. అంతే. ఆ ఆయాసం చేసిన రోజున మేమంతా నవ్వుకున్నాం కూడా. మేడమ్ ఒక్కొక్కటే చూపించారు. నీలాంబరికి పూసలు, వంకీలు, కాలి మువ్వలు, చీరలో మూడు రంగులు. పనైపోయినా ఎవరో ఒకరు వెళ్తూ వెళ్తూ ఆమెకు ఏదో ఒకటి అద్దేవాళ్లు. రాజవ్వకు ఒకటే మట్టిరంగు చీర. జుట్టు చెవుల మీదికి దించేసి ఉంది.

"నీలాంబరిని ముద్దుచేసినం. ఈమెను ధర్మం చేసినట్టు చేసినం," అన్నారు మేడమ్. "పెట్టినమా అంటే పెట్టినం. గిట్ల పెట్టి, మల్ల తీసుకోలేదేందని ఆ పిల్లను అడిగిన."

మర్నాడు ఆవిడ బాసుగారి దగ్గరికి వెళ్లారు. నేనూ ఉన్నాను. రాజవ్వను తీసేయొద్దని అడగలేదు. "ఆమెను ఇంకా చెయ్యలే సార్ మేం. చేసినంక సుత ఎవ్వరికీ వద్దంటే నా చేతుల్తోనే తీసేస్త," అన్నారు. బాసుగారు గడ్డం గోక్కున్నారు. "నెలాఖరు దాకా ఆగమని వాళ్లకి చెబుతానండీ. ఆ తర్వాత నా చేతుల్లో లేదు," అన్నారు.

*

మేడమ్ కాలేజీకి ఫోన్ చేసి మౌనికను మళ్లీ పిలిపించారు. ఆ పిల్ల బస్సు దిగి, అనుమానంగా మెట్లెక్కి వచ్చింది. మేడమ్ ముందుగా అన్న మాట, "ఆ దినం నేను గట్ల అడుగుడు బాగలేకుండె." మౌనిక భుజాలు ఎగరేసి, "పర్వాలేదాంటీ, అలవాటే," అంది. మేడమ్ కుర్చీ లాగి, "నిన్ను చూసి ఈమెను చేస్తలేను. నువ్వు మంచిగ ఆడుతవని పిలిచిన. ఈమెల ఏం బాగలేదో చెప్పు," అన్నారు.

మౌనిక రాజవ్వతో ఒక ఆట ఆడింది. గెలిచింది. తెర మీద రాజవ్వ రొప్పుతోంది.

"గెలిచినంక ఈ ఆయాసమేంది? నేను దినాం క్లాసుకు మెట్లెక్కుత, నాకు రాదు. కొట్టినప్పుడు రాని ఆయాసం గెలిచినంక ఎట్లొస్తది?" అంది. బొమ్మను దగ్గరగా జరిపి చూసింది. "కమ్మలు సుత లేవు. మా అమ్మమ్మ నాట్లకు పోయినప్పుడు సుత కమ్మలు తియ్యదు."

మేడమ్ నావైపు చూశారు. ఊళ్లో అందరి చెవులూ చూసే మనిషి రాజవ్వకు చెవులే చేయలేదు. జుట్టు కింద బోసిగా వదిలేశారు. ఆవిడకి ఎంత నవ్వొచ్చిందంటే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా మౌనిక కూడా నవ్వింది.

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తు. మేడమ్ వసారాలో రాజవ్వలా నడవాలని చూశారు, రాలేదు. చువ్వలాంటి ఒంట్లో ఆ బరువు ఎక్కడినుంచి వస్తుంది? కొంగులో దిండు కట్టుకుని నడిచారు. దిండు నడిచింది గానీ మనిషి నడవలేదు. చివరికి ఒకరోజు పొద్దున నన్ను మోండా మార్కెట్‌కి తీసుకెళ్లారు.

అక్కడ జనం మధ్యలో ఒకామె వెళుతోంది. కొనుక్కోవడానికి వచ్చిందే. రెండు చేతుల్లో రెండు సంచులు, నిండైన ఒళ్లు. కంగారు లేదు. ఎవరినీ తోయడం లేదు, అయినా దారి తనంతట తనే విచ్చుకుంటోంది. తుంటి కదిలి, భుజం ఆగి, మళ్లీ తుంటి కదిలి, సభలోకి వస్తున్నట్టుంది. మేడమ్ ఆమె వెంటపడ్డారు. వెనకే నేను. ఉల్లిగడ్డల వీధి దాటాక ఆమె గిరుక్కున తిరిగింది.

"ఏందమ్మా, పొద్దుగాల్ల నా ఎంబడి పడ్డవ్?"

"నీ నడక మంచిగుంది. చూస్తున్న," అన్నారు మేడమ్ తడుముకోకుండా.

ఆమె మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేనట్టుంది. "మా ఇంటాయన ఏనుగు నడక అంటడు," అంది.

"మరి ఏనుగు నడక అంటే తక్కువనుకున్నవా? ఎనకట రాణులనే గట్ల పొగిడేటోళ్లు. ఆయన నిన్ను పొగుడుతున్నడు, ఆయనకే తెల్వదు."

ఆమె సంచులు సవరించుకుని ముందుకు కదిలింది. కానీ ఈసారి నడకలో ఒక చిటికెడు ఠీవి ఎక్కువ వేసింది. మేం అది వీధి మలుపు దాకా చూశాం. ఆఫీసుకి రాగానే మేడమ్ చెప్పులు విడిచినట్టు బూట్లు విడిచి వసారాలో నడిచారు. ఈసారి దిండు అక్కర్లేకపోయింది.

అందరం పడి చేశాం. నీలాంబరికి మువ్వలు పెట్టిన పిల్లాడే రాజవ్వకు ఎర్ర అంచు చీర నేశాడు. నేను కమ్మలు చేశాను. జుట్టు ఎత్తి కొప్పు ముడివేశాం, చెవులు కనబడ్డాయి. ఆ చెవి మేడమ్ స్వయంగా చేశారు. కాలానికి కొంచెం సాగిన తమ్మె, దానికి బరువుగా వేలాడే బంగారు కమ్మ. ఒళ్లు ఒక్క అంగుళం తగ్గించలేదు. వయసు తగ్గించలేదు. గెలిచాక ఆయాసం తీసేశాం. ఇప్పుడు ఆమె తాపీగా వెళ్లి మెట్లబావి పై మెట్టు మీద కూర్చుంటుంది, కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటుంది, కొట్లాటలో పక్కకి తిరిగిన కమ్మను వేలితో సరిచేసుకుంటుంది.

నెలాఖరున మళ్లీ ఆ కాలేజీ వాళ్లే వచ్చారు. బాసుగారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మౌనిక ఫోను తీసుకుని నేరుగా నీలాంబరినే ఎంచుకుంది. నా ప్రాణం ఉసూరుమంది. మేడమ్ మాత్రం కదలకుండా వెనక కుర్చీలో కూర్చున్నారు. ఈసారి ఎవరి దగ్గరికీ వెళ్లలేదు, ఏమీ అడగలేదు.

రెండు ఆటలయ్యాక మౌనిక రాజవ్వను తీసుకుంది. పక్కనున్న పిల్ల కూడా ఏమిటా అని వంగి చూసింది. ఆట గెలిచింది. రాజవ్వ వెళ్లి మెట్టు మీద కూర్చుని కమ్మ సరిచేసుకుంది. మౌనిక ఇంకో ఆట మొదలుపెట్టకుండా అలాగే చూస్తూ కూర్చుంది. తర్వాత వెనక్కి తిరిగి అడిగింది.

"ఆంటీ, ఈమెకు పెండ్లయిందా?"

"ఎందుకు అడుగుతున్నవ్?"

"ఏం లే. గట్ల కూసున్నది చూస్తే అడగాలనిపించింది. పిల్లలున్నరా? కర్ర ఎవరు నేర్పిన్రు?"

"నాకు సుత తెల్వదమ్మా," అన్నారు మేడమ్. నిజంగానే తెలియదు ఆవిడకి. కానీ ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో ఉన్న వెలుగు, పండగ పూట కూడా నేను చూడలేదు.

ఆ రోజు కూడా ఎక్కువమంది నీలాంబరినే ఎంచుకున్నారు. మేడమ్ ఆ మాటే ఉన్నదున్నట్టు బాసుగారికి చెప్పారు. ఆయన కాసేపు తెరవైపు చూసి, "ఉంచుదామండీ. ఆవిడని తీసేస్తే ఆ మెట్టు ఖాళీ అయిపోతుంది," అన్నారు. బెంగళూరు వాళ్లు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ప్రచారంలో, పోస్టరులో రాజవ్వ ఉండకూడదని. మేడమ్ దానికీ గొణుక్కున్నారు గానీ సర్దుకున్నారు. గేము వచ్చింది. గొప్పగా ఆడలేదు, నష్టమూ రాలేదు. రాజవ్వను తీసుకుని ఆడేవాళ్లు కొద్దిమందే. కానీ వాళ్లు ఆమెను వదిలేవాళ్లు కారు. ఆమె కథేమిటో చెప్పమని ఉత్తరాలు రాసేవాళ్లు.

వాటిని చదివి మురిసిపోతారనుకుంటే, మేడమ్ ఒకరోజు నన్నడిగారు. "నీలాంబరి గురించి ఎవరన్న ఏమన్న అడిగిన్రా?"

లేదన్నాను. ఆమె బొమ్మ అడిగారు, కొత్త బట్టలు వేయమన్నారు. ఆమె గురించి ఎవరూ ఏమీ అడగలేదు. మేడమ్ "ఊఁ" అన్నారు.

*

ఆ తర్వాత ఆఫీసు ఊరికి ఆ చివరికి మారింది. అంత దూరం తిరగలేనని మేడమ్ మానేశారు. నేనూ వేరేచోట చేరాను. ఆవిడకు ఒంట్లో బాగుండటం లేదని విని, ఒక ఆదివారం మధ్యాహ్నం బన్సీలాల్‌పేట్‌లోని వాళ్లింటికి వెళ్లాను. ఇంకా చిక్కిపోయారు. బొట్టు మాత్రం చీరకి సరిపోయే రంగే. మంచం మీద దిళ్లకి ఆనుకుని, ఒళ్లో టాబ్లెట్ పెట్టుకుని గీస్తున్నారు.

"జెర ఇది చూడు. ఎవరో చెప్పు."

ఒక నడివయసు ఆవిడ. పలచబడ్డ జుట్టు, పాపిటి దగ్గర నెరుపు, కళ్ల కింద మెత్తటి ముడతలు, చదువుకునే కళ్లజోడు. నడుము దగ్గర బాగా ఒళ్లు చేసింది. వరండాలో కూర్చుని వింటికి నారి బిగిస్తోంది. తెలిసిన మొహమే. ఎవరో అందలేదు.

"నీలాంబరి," అన్నారు మేడమ్. "యాభై ఏండ్లకు. రాజవ్వ పంచాయితీల పడి ఈ పిల్ల సంగతే మర్చిపోయిన. ముద్దుగున్నదని అందరు చూసిన్రు, చూసి ఇడిచిపెట్టిన్రు. నేను సుత ఇడిచిపెట్టిన. సన్నగుంటే మనిషి కాదా?"

"ఏ గేము కోసం మేడమ్?"

"గేము లేదు, ఏం లేదు. ఎట్లయితదో చూద్దామని."

బొమ్మను పెద్దది చేసి చూపించారు. చూస్తుంటే నిజంగానే ఆమె గురించి ఏదైనా అడగాలనిపించింది. ఆ విల్లు ఎవరి కోసం బిగిస్తోంది, ఇంకా కోటలోనే ఉంటోందా అని. అడిగాను కూడా. మేడమ్ సంతోషంగా, "గదే నేను సుత ఆలోచిస్తున్న," అన్నారు. కానీ ఒక చోట ఆవిడకి తృప్తి లేదు. గదవ కింద గీసి చెరిపి, గీసి చెరిపి, ఆఖరికి తల ఎత్తి నా వంక చూశారు. చూస్తూనే ఉన్నారు.

నలభై దగ్గరపడ్డాక నాకు గదవ కింద ఇంకో గదవ వచ్చింది. ఫోటో అంటే మెడ సాగదీసి తల ఎత్తుతాను. వీడియో కాల్ అంటే ఫోను పైకి పట్టుకుంటాను. ఆవిడ చూపు అక్కడే ఆగిందని తెలిసి, అలవాటు కొద్దీ తల పైకెత్తాను.

"ఎత్తకు," అన్నారు. "కిందికి దించు. జెర కిటికీ దిక్కు తిరుగు. గంతే. ఇట్లనే ఉండాలె, మెత్తగ. పొద్దటిసంది దొరుకుతలేదు నాకు."

కిటికీలోంచి ఎండ వస్తోంది. తల దించుకుని కూర్చున్నాను. ఆవిడ గీస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి, "మంచిగున్నది," అన్నారు. బొమ్మ గురించో నా గురించో చెప్పలేదు. వెళ్లొస్తానంటే తల ఊపారే గానీ తెర మీంచి కళ్లు తీయలేదు. ఆ మధ్యాహ్నం నా గదవను నీలాంబరికిచ్చి, తల అలాగే దించుకుని, హాయిగా బస్సెక్కి ఇంటికొచ్చాను.